2147483647: ప్రధాన సంఖ్య కావడం వేరు, కంప్యూటర్ హద్దు కావడం వేరు

ఆన్‌లైన్ ఫారం నింపిన కస్టమర్లందరికీ డేటాబేస్‌లో ఒకటే ఫోన్ నంబరు పడి ఉంటుంది. గేములో ఎంత సంపాదించినా డబ్బు ఒక చోటికి వచ్చి ఆగిపోతుంది. రెండు పెద్ద సంఖ్యల్ని కూడమంటే ప్రోగ్రాం మైనస్‌లో జవాబిస్తుంది. మూడింటి వెనకా ఉన్నది ఒకే సంఖ్య, 2147483647. మన పద్ధతిలో చదివితే 214 కోట్ల 74 లక్షల 83 వేల 647. అమీర్‌పేటలో జావా కోచింగ్‌లో చేరినవాళ్లకు ఇది తొలి రోజుల్లోనే తగులుతుంది. సంఖ్యాశాస్త్రం చదివినవాళ్లకు 18వ శతాబ్దపు గణితవేత్త ఆయిలర్ పేరుతో కలిసి పరిచయమవుతుంది.

2038 సంవత్సరం దగ్గరపడుతున్న కొద్దీ ఈ సంఖ్య మళ్లీ చర్చలోకి వస్తోంది. దాంతోపాటు ఒక పొరపాటు అభిప్రాయం కూడా నలుగుతోంది. ఇది పెద్ద ప్రధాన సంఖ్య కాబట్టే కంప్యూటర్లు దీన్ని హద్దుగా పెట్టుకున్నాయి అన్నది ఆ అభిప్రాయం. ఆ రెండు గుణాలూ ఒకే ఆకారంలోంచి వచ్చినమాట నిజం. కానీ ఒకటి రెండోదానికి కారణం కాదు.

క్లుప్తంగా

2ని 31 సార్లు హెచ్చవేసి ఒకటి తీసేస్తే వచ్చేది 2147483647. ఇది ప్రధాన సంఖ్య అని 1772లో ఆయిలర్ రుజువు చేశాడు. 32 బిట్లలో (బిట్ అంటే 0 గానీ 1 గానీ పట్టే గడి) ప్లస్, మైనస్ సంఖ్యలు రెండూ దాచాలంటే అందులో పట్టే అతి పెద్ద సంఖ్య కూడా ఇదే. ప్రధాన సంఖ్య కాకపోయినా హద్దు ఇక్కడే ఉండేది. ఫోన్ నంబర్ల గొడవ, 2038లో కొన్ని కంప్యూటర్ల కాలం లెక్క నిండిపోయే సమస్య రెండూ ఆ హద్దు వల్ల వచ్చినవి. రెండు గుణాలూ ఒకేసారి అక్కరకొచ్చే చోటు యాదృచ్ఛిక (ర్యాండమ్) సంఖ్యల తయారీ.

వరసగా 31 ఒకట్లు

ఈ సంఖ్యను మామూలు అంకెల్లో చూస్తే ప్రత్యేకత ఏమీ కనిపించదు. చివర 7 ఎందుకొచ్చిందో మాత్రం చెప్పవచ్చు. 2 ఘాతాల చివరి అంకెలు 2, 4, 8, 6 అని తిరుగుతూ ఉంటాయి, 31వ ఘాతం 8తో ముగుస్తుంది, ఒకటి తీస్తే 7. అసలు రూపం 0, 1 మాత్రమే వాడే బైనరీలో బయటపడుతుంది. అక్కడ ఇది వరసగా 31 ఒకట్లు, మధ్యలో ఒక్క సున్నా కూడా లేదు.

2 ఘాతంలోంచి ఒకటి తీసేస్తే వచ్చే ఇలాంటి సంఖ్యల్ని ఫ్రాన్స్‌కు చెందిన మతాచార్యుడు మెర్సెన్ పేరుతో పిలుస్తారు. వీటికి ఒక సులభమైన పరీక్ష ఉంది. ఒకట్ల వరసను సమానమైన గుంపులుగా విడగొట్టగలిగితే ఆ సంఖ్య ప్రధాన సంఖ్య కాదు. పదిహేను ఒకట్లున్న 32767ని చూడండి. వాటిని మూడేసి చొప్పున విడదీస్తే 111 అనే ముక్క ఐదుసార్లు వస్తుంది. బైనరీలో 111 అంటే 7, కాబట్టి 32767ని 7 నిశ్శేషంగా భాగిస్తుంది. ఐదేసి చొప్పున విడదీస్తే 11111, అంటే 31 కూడా భాగిస్తుందని తేలుతుంది. చివరికి 32767 = 7 × 31 × 151.

31 ఒకట్లను అలా సమానంగా పంచలేం, ఎందుకంటే 31 తనే ప్రధాన సంఖ్య. అయితే ఇది మొదటి గడప మాత్రమే. పదకొండు ఒకట్లను కూడా పంచలేం, అయినా 2¹¹ − 1, అంటే 2047, 23 × 89గా విడిపోతుంది. కాబట్టి ఘాతం ప్రధాన సంఖ్య కావడం తప్పనిసరే గానీ అదొక్కటే చాలదు. 31 విషయంలో ఆ తర్వాతి గడప దాటడానికి దాదాపు రెండు శతాబ్దాలు పట్టింది.

కటాల్డి నుంచి ఆయిలర్ దాకా

ఇటలీలోని బొలోన్యాకు చెందిన పియెత్రో కటాల్డి 1588 నాటికి 2¹⁷ − 1, 2¹⁹ − 1 ప్రధాన సంఖ్యలని తేల్చాడు. పద్ధతి సూటిగా ఉండేది. 2¹⁹ − 1 అంటే 524287. దాని వర్గమూలం సుమారు 724. 750 దాకా ప్రధాన సంఖ్యల పట్టిక తయారుచేసుకుని, వాటితో ఒక్కొక్కటిగా భాగించి చూశాడు. అంతటితో ఆగకుండా 23, 29, 31, 37 ఘాతాలకు కూడా ఫలితం అదేనని ప్రకటించాడు. 23, 37 తప్పని 1640లో ఫెర్మా చూపించాడు. 29 తప్పని 1738లో ఆయిలర్ చూపించాడు. మిగిలింది 31. కటాల్డి చెప్పిన నాలుగింటిలో నిలబడింది అదొక్కటే, అది కూడా ఆయన రుజువు చేసింది కాదు.

మెర్సెన్ 1644లో ఇచ్చిన జాబితాలోనూ 31 ఉంది. ఆ జాబితాలో తప్పులున్నాయి. 67, 257 ఉండకూడనివి. 61, 89, 107 ఉండాల్సినవి, లేవు. అందుకని ఒక సంఖ్య ఆ జాబితాలో ఉందన్నంత మాత్రాన సాక్ష్యంగా పనికిరాదు.

మామూలు పద్ధతిలో 2147483647ని పరీక్షించాలంటే దాని వర్గమూలం దాకా, అంటే 46340 దాకా ఉన్న ప్రధాన సంఖ్యలన్నిటితో భాగించాలి. అవి దాదాపు 4,800. చేత్తో చేయడానికి అది భారీ పని. 1772లో ఆయిలర్ ఆ పనిని ఎలా తగ్గించాడన్నదే ఈ సంఖ్య చరిత్రలో అన్నిటికన్నా ఆసక్తికరమైన భాగం. అప్పటికి ఆయన సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో ఉన్నాడు, చూపు దాదాపు పోయింది.

ఆయన తర్కం ఇలా సాగుతుంది. 2147483647కి ఒక ప్రధాన కారణాంకం ఉందనుకుందాం. అప్పుడు 2³¹ని ఆ కారణాంకంతో భాగిస్తే శేషం 1 రావాలి. 2, 4, 8, 16 అంటూ వరసగా 2 ఘాతాలను భాగించుకుంటూ పోతే శేషాలు కొంత దూరం వెళ్లి మళ్లీ మొదటికొస్తాయి. ఆ చక్రం పొడవు 31ని భాగించాలి. 31 ప్రధాన సంఖ్య కాబట్టి చక్రం పొడవు సరిగ్గా 31 అవుతుంది. మరోవైపు ఫెర్మా చిన్న సిద్ధాంతం ప్రకారం, కారణాంకంలోంచి ఒకటి తీసేసిన ఘాతం దగ్గర కూడా శేషం 1 వస్తుంది. అంటే కారణాంకంలోంచి ఒకటి తీస్తే వచ్చేది 31 గుణిజం కావాలి. కారణాంకం బేసి సంఖ్య కాబట్టి ఒకటి తీస్తే సరి సంఖ్య వస్తుంది. రెండూ కలిపితే అది 62 గుణిజం.

ఇది మొదటి జల్లెడ. రెండోది ఇంకా నేర్పైనది. 2³¹కి శేషం 1 అయితే 2³²కి శేషం 2. కానీ 2³² అంటే 2¹⁶కి వర్గం. అంటే ఆ కారణాంకం దృష్ట్యా 2 అనేది ఒక వర్గం మిగిల్చే శేషం. అలా జరగాలంటే కారణాంకాన్ని 8తో భాగిస్తే 1 గానీ 7 గానీ మిగలాలి. రెండు షరతులనూ కలిపితే, 248తో భాగించినప్పుడు 1 గానీ 63 గానీ మిగిల్చే సంఖ్యలు తప్ప మరేవీ పనికిరావని తేలుతుంది.

46340 లోపల అలాంటివి 373. వాటిలో 249 (3 × 83), 497 (7 × 71) లాంటివి ప్రధాన సంఖ్యలు కావు, వాటిని పక్కన పెట్టేయవచ్చు. మిగిలేవి 84. మొదటివి 311, 1303, 1489. 2147483647ని 311తో భాగిస్తే 35 మిగులుతుంది. 1303తో 226, 1489తో 199. ఇలా చివరిదాకా వెళ్లినా ఎక్కడా సున్నా రాదు. అంటే కారణాంకాలు లేవు. దాదాపు 4,800 భాగహారాల పని 84కి వచ్చింది. ఒక మనిషి కూర్చుని ముగించగలిగిన పని అది.

ఇప్పుడైతే భాగహారాలు అసలు అక్కర్లేదు. లూకాస్–లేమర్ పరీక్ష అని ఒకటుంది. 4తో మొదలుపెట్టి, ప్రతిసారీ వర్గం చేసి 2 తీసేసి, 2147483647తో భాగించిన శేషం తీసుకోవాలి. 4, 14, 194, 37634, 1416317954 అంటూ వెళ్లి 29వ అడుగులో సున్నా వస్తే ప్రధాన సంఖ్యే. ఇక్కడ వస్తుంది. 2024 అక్టోబరులో ప్రకటించిన 2¹³⁶²⁷⁹⁸⁴¹ − 1 కూడా ఈ జాతిదే. దానిలో 4 కోట్ల 10 లక్షలకు పైగా అంకెలున్నాయి. దాని పక్కన 2147483647లోని పది అంకెలు లెక్కలోకి రావు.

95 ఏళ్లు అగ్రస్థానం

1772 నుంచి 1867 దాకా తెలిసిన ప్రధాన సంఖ్యల్లో ఇదే అతి పెద్దది. 1867లో ఫ్రాన్స్‌కు చెందిన లాండ్రీ 2⁵⁹ − 1ని విడగొట్టి, దాని కారణాంకం 3203431780337 ప్రధాన సంఖ్య అని చూపడంతో ఆ స్థానం పోయింది.

దీని నుంచి మరో సంఖ్య పుడుతుంది. తనను తప్ప మిగిలిన భాజకాలన్నీ కూడితే తనే వచ్చే సంఖ్యను పరిపూర్ణ సంఖ్య అంటారు. 1 + 2 + 3 = 6 అలాంటిదే. మెర్సెన్ ప్రధాన సంఖ్యను దాని కన్నా ఒక మెట్టు కింది 2 ఘాతంతో హెచ్చవేస్తే పరిపూర్ణ సంఖ్య వస్తుందని యూక్లిడ్ కాలం నుంచీ తెలుసు. సరి పరిపూర్ణ సంఖ్యలన్నీ ఇలాగే వస్తాయని రుజువు చేసింది మళ్లీ ఆయిలరే. 2³⁰ని 2147483647తో హెచ్చవేస్తే 2305843008139952128 వస్తుంది. ఇది ఎనిమిదో పరిపూర్ణ సంఖ్య.

1811లో ఇంగ్లండ్ గణితవేత్త పీటర్ బార్లో, ఇంతకన్నా పెద్ద పరిపూర్ణ సంఖ్యను ఎవరూ ఎప్పటికీ కనిపెట్టరని రాశాడు. ఇవి సరదాకే తప్ప పనికొచ్చేవి కావు, ఎవరు మాత్రం పూనుకుంటారు అన్నది ఆయన వాదన. రెండు ముక్కలూ తప్పాయి. 1883లో రష్యాలో ఒక పల్లెటూరి మతగురువు పెర్వుషిన్ 2⁶¹ − 1 ప్రధాన సంఖ్య అని చూపించడంతో తొమ్మిదో పరిపూర్ణ సంఖ్య దొరికింది. పనికొచ్చే సంగతి ఈ వ్యాసం చివర్లో వస్తుంది.

మరి కంప్యూటర్ ఇక్కడే ఎందుకు ఆగింది?

ఈ ప్రశ్నకు జవాబులో ప్రధాన సంఖ్యల ఊసే లేదు. 32 బిట్లతో 2³², అంటే 4294967296 వేర్వేరు అమరికలు వస్తాయి. వాటిలో సగం మైనస్ సంఖ్యలకు కేటాయిస్తారు. మిగిలిన సగం, 2147483648 అమరికల్లో ఒకటి సున్నాకు పోతుంది. అందుకే ప్లస్ వైపు 2147483647 దగ్గర ఆగుతుంది, మైనస్ వైపు ఇంకొకటి ఎక్కువగా −2147483648 దాకా వెళుతుంది. మొదటి బిట్ సున్నా, మిగతా 31 ఒకట్లు. ఆ వరసకు ఒకటి కలిపితే ఒకట్లన్నీ సున్నాలై మొదటి బిట్ ఒకటవుతుంది. మొదటి బిట్ ఒకటి అంటే మైనస్ అని ఒప్పందం. చాలా యంత్రాల్లో అతి పెద్ద ప్లస్ సంఖ్య పక్కన అతి చిన్న మైనస్ సంఖ్య తేలడానికి కారణం ఇదే.

మిగతా సైజుల్లో ఏం జరుగుతుందో చూస్తే సంగతి ఇంకా తేటపడుతుంది. 8 బిట్ల హద్దు 127, ప్రధాన సంఖ్య. 16 బిట్ల హద్దు 32767, పైన చూసినట్టు 7 × 31 × 151. 32 బిట్లది ప్రధాన సంఖ్య. 64 బిట్ల హద్దు 9223372036854775807 మళ్లీ కాదు. దానిలో 63 ఒకట్లుంటాయి, వాటిని మూడేసి చొప్పున పంచవచ్చు కాబట్టి 7 భాగిస్తుంది. నిజానికి 49 కూడా భాగిస్తుంది. 16 బిట్ల, 64 బిట్ల యంత్రాలు తమ హద్దు ప్రధాన సంఖ్య కాలేదని ఎక్కడా ఇబ్బంది పడలేదు. ప్రధాన సంఖ్య కావడమే కారణమైతే ఆ రెండు సైజులూ పుట్టేవే కావు.

అలాగని ఇది శుద్ధ కాకతాళీయం అనడానికీ లేదు. బిట్ల సైజులు 8, 16, 32, 64, 128 అంటూ 2 ఘాతాలుగా పెరుగుతాయి. గుర్తు కోసం ఒక బిట్ తీసేస్తే మిగిలేవి 7, 15, 31, 63, 127. ఇవి తమంతట తామే మెర్సెన్ సంఖ్యలు. వీటిలో 7, 31, 127 ప్రధాన సంఖ్యలు, 15, 63 కావు. అంటే మొదటి గడప దాటగలిగే అర్హత ఈ మూడింటికే ఉంది. మూడూ రెండో గడప కూడా దాటాయి. 2¹²⁷ − 1 ప్రధాన సంఖ్య అని 1876లో లూకాస్ తేల్చాడు. ఘాతం స్థానంలో మెర్సెన్ ప్రధాన సంఖ్య ఉన్న ఇలాంటివాటిని జంట మెర్సెన్ సంఖ్యలంటారు.

ఈ వరస ఇలాగే సాగుతుందనుకుంటే మాత్రం దెబ్బతింటాం. 2147483647నే ఘాతంగా పెట్టి 2ని అన్నిసార్లు హెచ్చవేసి ఒకటి తీసేస్తే 64 కోట్లకు పైగా అంకెలున్న సంఖ్య వస్తుంది. అది ప్రధాన సంఖ్య కాదు. 1983లో గై హావర్త్ దానికి 295257526626031 అనే కారణాంకం కనిపెట్టాడు. ఆయిలర్ మొదటి జల్లెడ ఇక్కడా పనిచేస్తుంది. ఈ కారణాంకంలోంచి ఒకటి తీసి 2147483647తో భాగిస్తే సరిగ్గా 137490 వస్తుంది. 64 కోట్ల అంకెల సంఖ్యను ఎక్కడా రాయకుండానే దాని కారణాంకాన్ని వెతకగలగడానికి ఆధారం ఆ జల్లెడే.

పది అంకెల మొబైల్ నంబరుకు చోటు చాలదు

హద్దు తెచ్చే చిక్కుల్లో మన దేశంలో తరచూ ఎదురయ్యేది ఫోన్ నంబర్లది. ఇక్కడి మొబైల్ నంబర్లు పది అంకెలు, 6, 7, 8, 9లలో ఒకదానితో మొదలవుతాయి. అంటే అతి చిన్నది కూడా 600 కోట్ల పైమాటే. 2147483647 సంగతి అటుంచి, మైనస్ గొడవ లేకుండా 32 బిట్లూ ప్లస్‌కే ఇచ్చినా వచ్చే 4294967295లోనూ అవి పట్టవు.

అయినా కొత్తగా పని నేర్చుకుంటున్నవాళ్లు ఫోన్ నంబరు కోసం డేటాబేస్‌లో మామూలు ఇంట్ (32 బిట్ల పూర్ణాంకం) కాలమ్ పెట్టేస్తారు. నంబరులో అంకెలేగా ఉన్నాయి అనుకుంటారు. మైఎస్‌క్యూఎల్ అనే డేటాబేస్ సాఫ్ట్‌వేర్‌లో, పట్టని విలువల్ని తిప్పికొట్టే స్ట్రిక్ట్ మోడ్ ఆన్‌లో ఉంటే ఎర్రర్ వచ్చి అక్కడే తెలిసిపోతుంది. ఆఫ్‌లో ఉంటే అసలు సమస్య. నంబరు పట్టదు కాబట్టి పట్టే వాటిలో అతి పెద్దది, 2147483647, దాచేసి ఒక వార్నింగ్ ఇచ్చి ఊరుకుంటుంది. ఆ వార్నింగ్‌ను ఎవరూ చదవరు. వందమంది రిజిస్టరైనా వందమందికీ ఒకటే నంబరు. వాళ్లు ఇచ్చిన అసలు నంబర్లు ఎక్కడా మిగలవు, కాబట్టి తర్వాత కాలమ్ మార్చినా లాభం లేదు.

అమెరికాలో ఇదే తప్పు కొంత ఆలస్యంగా బయటపడుతుంది. అక్కడి పది అంకెల నంబర్లు ఏరియా కోడ్‌తో మొదలవుతాయి. న్యూయార్క్ 212 నంబర్లు 32 బిట్లలో పడతాయి, కాబట్టి అంతా బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది. తెలుగువాళ్లు పెద్ద సంఖ్యలో ఉండే డల్లస్‌లో 972 నంబర్లు పట్టవు. పైగా 2147483647 మొదట్లో ఉన్న 214 కూడా డల్లస్ కోడే. దాంతో నంబరు పట్టని కస్టమర్లందరూ పాడైన డేటాలో డల్లస్‌లోనే ఉంటున్నట్టు తేలుతుంది.

పెద్ద సైజు కాలమ్ పెట్టడం ఒక మందే గానీ సరైన మందు కాదు. ఫోన్ నంబరును ఎవరూ కూడరు, సగటు తీయరు. అది చూడ్డానికి సంఖ్యలా ఉన్న పేరు. ముందు సున్నా రావచ్చు, +91 రావచ్చు. దాన్ని అక్షరాలుగా దాచడమే పద్ధతి. 12 అంకెల ఆధార్‌కూ ఇదే వర్తిస్తుంది.

ఇదే హద్దు మరికొన్ని చోట్ల వార్తల్లోకెక్కింది. 2014 డిసెంబరులో ఒక కొరియన్ పాప్ పాట వ్యూలు 214 కోట్లు దాటుతున్నాయని, కౌంటర్‌ను 64 బిట్లకు మార్చామని యూట్యూబ్ ప్రకటించింది. 2006లో జావా లైబ్రరీలోని, జాబితాను సగానికి సగం తగ్గిస్తూ వెతికే బైనరీ సెర్చ్‌లో ఒక లోపం బయటపడింది. మధ్య స్థానం కోసం రెండు కొసలను కూడి రెండుతో భాగించేటప్పుడు, ఆ కూడిక 2147483647 దాటి మైనస్ అయ్యేది. సుమారు తొమ్మిదేళ్లు అది ఎవరికీ కనపడలేదు. అంత పెద్ద జాబితాలను అప్పట్లో ఎవరూ వెతకలేదు మరి. 2015లో అమెరికా విమానయాన సంస్థ ఎఫ్ఏఏ బోయింగ్ 787 విమానాల గురించి ఒక ఆదేశం ఇచ్చింది. 248 రోజులు ఆపకుండా కరెంటు నడిస్తే జనరేటర్లను నియంత్రించే యూనిట్లలో కౌంటర్ పొంగి అవి ఆగిపోవచ్చని, మధ్యలో ఆపి మళ్లీ ఆన్ చేయాలని దాని సారాంశం. సెకనులో వందో వంతును లెక్కపెట్టే 32 బిట్ల కౌంటర్ 248.55 రోజులకు నిండుతుంది, లెక్క కుదురుతుంది. ఆయిలర్ జల్లెడలోనూ 248 ఉంది గానీ, అది 8 × 31. ఈ రెండు 248లకూ ఏ సంబంధమూ లేదు.

2038 జనవరి 19, ఉదయం 8:44:07

యూనిక్స్ వంశపు సిస్టమ్‌లు కాలాన్ని 1970 జనవరి 1 యూటీసీ (ప్రపంచ ప్రామాణిక సమయం) అర్ధరాత్రి నుంచి సెకన్లలో లెక్కిస్తాయి. ఆ లెక్కను 32 బిట్లలో దాచిన చోట 2147483647వ సెకను ఆఖరిది. అంటే 24,855 రోజుల 3 గంటల 14 నిమిషాల 7 సెకన్లు. అది 2038 జనవరి 19, మంగళవారం, మన టైము ప్రకారం ఉదయం 8 గంటల 44 నిమిషాల 7 సెకన్లకు పూర్తవుతుంది. తర్వాతి సెకనులో లెక్క −2147483648కి దూకితే ఆ సిస్టమ్ దృష్టిలో అది యూటీసీ ప్రకారం 1901 డిసెంబరు 13.

అయితే అందరూ ఆ రోజు కోసం ఎదురుచూడాల్సిన పని లేదు, కొన్ని చోట్ల సమస్య ఇప్పటికే మొదలై ఉండవచ్చు. గడియారం 2038కి చేరకపోయినా లెక్క చేరుతుంది. ఇవాళ 20 ఏళ్ల హోమ్ లోన్ తీసుకుంటే చివరి ఈఎంఐ తేదీ 2038 దాటుతుంది. దీర్ఘకాలిక బాండ్లు, పెన్షన్ లెక్కలు, చాలా ఏళ్లు చెల్లే డిజిటల్ సర్టిఫికెట్లు కూడా అంతే. వీటి ప్రోగ్రాంలు ఎక్కడైనా 32 బిట్ల కాలాన్ని వాడుతుంటే తప్పు ఇవాళే పడుతుంది.

సరిదిద్దే పని చాలా వరకు జరిగింది. 64 బిట్ల లినక్స్ మొదటి నుంచీ కాలానికి 64 బిట్లు వాడుతోంది. అందులో సెకన్లు నిండడానికి దాదాపు 29,200 కోట్ల ఏళ్లు పడుతుంది. 32 బిట్ల యంత్రాల కోసం 2020లో వచ్చిన లినక్స్ కెర్నెల్ 5.6లో మార్పులు చేశారు. మిగిలిపోయేవి రెండు రకాలు. ఒకటి, ఫ్యాక్టరీ కంట్రోలర్లు, మీటర్లు లాంటి చోట్ల ఒకసారి బిగించి మరిచిపోయిన చిన్న చిప్పులు. రెండోది, దాచిన డేటా రూపం. మైఎస్‌క్యూఎల్‌లో టైమ్‌స్టాంప్ రకం కాలమ్ ఈనాటికీ 2038 జనవరి 19 దాకానే తేదీలు పుచ్చుకుంటుంది. యంత్రం కొత్తదైనా కాలమ్ పాతదైతే హద్దు అలాగే ఉంటుంది. విమానాలు కూలిపోతాయి, బ్యాంకులు ఆగిపోతాయి అని షేర్ అవుతున్న పోస్టులకు టెన్షన్ పడాల్సిన అవసరం లేదు. కానీ పాత కోడ్ నడుపుతున్న ఆఫీసులు పట్టించుకోకపోతే మాత్రం చిన్నచిన్న తప్పుడు తేదీలు, తప్పుడు వడ్డీలు తప్పవు.

రెండు గుణాలూ కలిసొచ్చే చోటు

ప్రోగ్రాంలు వాడే యాదృచ్ఛిక సంఖ్యలు చాలావరకు ఒక సూత్రం ప్రకారం తయారైనవే. డి.హెచ్. లేమర్ ప్రతిపాదించిన పద్ధతి వాటిలో పాతది, తేలికైనది. ఉన్న సంఖ్యను ఒక స్థిర సంఖ్యతో హెచ్చవేసి, ఇంకో స్థిర సంఖ్యతో భాగించి, శేషాన్ని కొత్త సంఖ్యగా తీసుకోవడం. 1969లో ఐబీఎం సిస్టమ్/360 కోసం దీనికి ఇచ్చిన రూపంలో గుణకం 16807, భాజకం 2147483647. 1988లో పార్క్, మిల్లర్ దీన్నే కనీస ప్రమాణంగా సిఫారసు చేశారు. సీ++ ప్రామాణిక లైబ్రరీలో ఇది ఇప్పటికీ ఉంది.

ఇక్కడ భాజకం ప్రధాన సంఖ్య కావడం నిజంగా అవసరం. భాజకానికి కారణాంకాలుంటే గుణకారాల మధ్యలో ఎక్కడో సున్నాలో గానీ చిన్న చక్రంలో గానీ చిక్కుకునే ప్రమాదం ఉంది. ప్రధాన సంఖ్యతో ఆ భయం లేదు, గుణకాన్ని సరిగ్గా ఎంచుకుంటే 1 నుంచి 2147483646 దాకా ప్రతి సంఖ్యనూ ఒక్కొక్కసారి తాకి గానీ వరస మొదటికి రాదు. 7 అలాంటి గుణకం. 16807 అంటే 7⁵. 5కీ 2147483646కీ ఉమ్మడి కారణాంకం లేదు, ఆ సంఖ్య 0తోనూ 5తోనూ ముగియదు కదా, కాబట్టి పూర్తి చక్రం అలాగే ఉంటుంది. 7³, అంటే 343 పెట్టి ఉంటే 2147483646ని 3 భాగిస్తుంది కనుక చక్రం మూడో వంతుకు, 715827882కి పడిపోయేది.

అదే సమయంలో ఈ భాజకం 32 బిట్ల హద్దు కూడా కావడం వల్ల భాగహారమే అక్కర్లేకుండా పోతుంది. 2³¹ని 2147483647తో భాగిస్తే 1 మిగులుతుంది. కాబట్టి ఎంత పెద్ద సంఖ్యనైనా కింది 31 బిట్లు ఒక ముక్క, పైన మిగిలినవి ఒక ముక్కగా కోసి, రెండూ కూడి, ఇంకా హద్దు దాటి ఉంటే మళ్లీ అలాగే చేస్తే సరిపోతుంది. 1తో మొదలుపెడితే ఈ పద్ధతి ఇచ్చే మొదటి రెండు విలువలు 16807, 282475249. మూడోదాని కోసం 282475249ని 16807తో హెచ్చవేస్తే 4747561509943. దీన్ని కోస్తే పై ముక్క 2210, కింది ముక్క 1622647863. కూడితే 1622650073. అదే మూడో విలువ. భాగహారం నెమ్మదిగా నడిచే పాత యంత్రాల్లో ఇది పెద్ద ఆదా.

ఈ రోజుల్లో దీనికి పరిమితి ఉంది. మొత్తం స్థితులు 214 కోట్లే, వాటన్నిటినీ మామూలు కంప్యూటర్ కొద్ది నిమిషాల్లో తిరగేస్తుంది. ఆటల్లో పాచికలకు ఫరవాలేదు గానీ, ఓటీపీలకూ పాస్‌వర్డ్‌లకూ పనికిరాదు.

64 బిట్ల యంత్రాలు వచ్చాక ఈ రెండు పనులూ విడిపోయాయి. హద్దు పని 2⁶³ − 1కి పోయింది, అది ప్రధాన సంఖ్య కాదు. ప్రధాన సంఖ్యతో చేయించుకోవాల్సిన పని రెండు మెట్లు కిందున్న 2⁶¹ − 1కి, పెర్వుషిన్ కనిపెట్టిన సంఖ్యకు పోయింది. పైథాన్ భాషలో పూర్ణాంకాలకూ భిన్నాలకూ హాష్ విలువ (త్వరగా వెతకడానికి వాడే గుర్తు సంఖ్య) కట్టేటప్పుడు 32 బిట్ల యంత్రం మీద 2147483647తో, 64 బిట్ల యంత్రం మీద 2305843009213693951తో భాగించి శేషం తీసుకుంటారు. భిన్నాల హారాలకు విలోమం దొరకాలంటే భాజకం ప్రధాన సంఖ్య కావాలి, అందుకే అక్కడ 2⁶³ − 1ని పెట్టలేదు.